అతిగా చెమట పడుతోందా? దాని వెనుక ఏ హార్మోను ఉందో తేల్చుకునే మార్గం

ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, చొక్కా వీపుకు అంటుకుపోతుంది. పక్కవారు చలికి శాలువా కప్పుకుంటారు, మనకేమో చెవుల వెనుక నుంచి చెమట ధారలు కడుతుంది. వారాల తరబడి ఇదే వరస సాగితే ఎవరో ఒకరు ‘హార్మోన్ల తేడా అయ్యుంటుంది, చూపించుకోండి’ అంటారు. ఆ అనుమానంలో తప్పు లేదు. కాకపోతే ఏ హార్మోను, పెరిగిందా తగ్గిందా అన్నది తేలనంతవరకు ఆ మాట వల్ల ఒరిగేదేమీ లేదు.

చాలామంది ఈ దశలో ల్యాబుకు వెళ్లి, హార్మోన్ల ప్యాకేజీ పేరుతో ఉన్న పరీక్షలన్నీ ఒకేసారి చేయించుకుంటారు. అన్నేసి పరీక్షలు చేస్తే ఏదో ఒకటి గీత దాటడం మామూలే. ఇక ఆ అంకె వెంట పరుగు మొదలవుతుంది, చెమట సంగతి మరుగున పడుతుంది. నేనైతే దీన్ని తిరగేయమంటాను. చెమట ఎప్పుడు పడుతోంది, ఒంట్లో ఎక్కడ పడుతోంది, వెంట ఇంకేం తెస్తోంది అన్న మూడింటినీ ముందు కాగితం మీద పెట్టండి. ఆ తర్వాత అవసరమయ్యే రక్తపరీక్షలు చాలామందిలో రెండో మూడో ఉంటాయి.

ముందుగా కాస్త శరీరం లెక్క

మన చర్మంలో ఇరవై లక్షల నుంచి నలభై లక్షల వరకు స్వేద గ్రంథులు ఉంటాయి. వాటికి ఆదేశం మెదడులోని హైపోథాలమస్ నుంచి వస్తుంది. రక్తం వేడి ఒక హద్దు దాటిందనిపిస్తే అది నరాల ద్వారా గ్రంథులను తెరిపిస్తుంది. హార్మోన్లు ఈ ఏర్పాటులో నాలుగు చోట్ల వేలు పెట్టగలవు. థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే ఒంట్లో వేడే ఎక్కువ పుడుతుంది. స్త్రీ హార్మోనైన ఈస్ట్రోజెన్ పడిపోతే వేడి ఎక్కువ కాకపోయినా హైపోథాలమస్ ఎక్కువైనట్టు లెక్క వేస్తుంది. రక్తంలో చక్కెర పడిపోయినా, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథిలో కొన్ని రకాల కణితులు ఉన్నా ప్రమాద ఘంటిక మోగి నాడీవ్యవస్థ చెమటను వదిలేస్తుంది. గ్రోత్ హార్మోను మితిమీరితే స్వేద గ్రంథులే పెద్దవవుతాయి. కింద చెప్పబోయే లక్షణాలన్నీ ఈ నాలుగు దారుల్లోంచే వస్తాయి కాబట్టి వీటిని గుర్తుంచుకుంటే మిగతాది తేలిక.

మొదటి మెట్టు: ఆగకూడని సందర్భాలు

పుస్తకం, పెన్ను పక్కన పెట్టి వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లాల్సినవి కొన్ని ఉన్నాయి. ఛాతీలో బరువు, నొప్పి లేదా ఆయాసంతో పాటు చల్లని చెమట పట్టడం గుండెపోటు కావచ్చు. షుగరు మందులు వాడేవారు చెమటలు పట్టి తికమకగా మాట్లాడుతుంటే చక్కెర పడిపోయి ఉండవచ్చు. థైరాయిడ్ ఉధృతి (థైరాయిడ్ హార్మోను ఎక్కువ కావడం) ఉందని ముందే తెలిసినవారికి తీవ్రమైన జ్వరం, విపరీతమైన గుండెదడ, మతి చలించినట్టు ప్రవర్తించడం కనిపిస్తే అది ప్రాణాల మీదకు వచ్చే స్థితి.

అంత తొందర లేకపోయినా, తేలిగ్గా తీసుకోకూడనిది ఇంకొకటి ఉంది. పక్కదుప్పటి మార్చాల్సినంతగా రాత్రి చెమటలు, సాయంత్రం పూట జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, మెడలోనో చంకలోనో గడ్డలు. వీటిలో కొన్ని కలిసి వస్తే హార్మోన్ల కన్నా ముందు క్షయ, లింఫోమా (శోషరస గ్రంథుల క్యాన్సరు) వంటివి లేవని నిర్ధారించుకోవాలి.

రెండో మెట్టు: అసలు ఇది హార్మోన్ల పనేనా?

అరచేతులు, అరికాళ్లు, చంకలు, ముఖం, ఈ నాలుగు చోట్లలోనే రెండు వైపులా సమానంగా చెమట పడుతోందా? పాతికేళ్ల లోపే మొదలైందా? ఇంట్లో అమ్మకో, నాన్నకో, తోబుట్టువుకో ఉందా? నిద్రలో పూర్తిగా ఆగిపోతోందా? వీటికి అవును అనే జవాబులు ఎక్కువగా వస్తే, ఆరు నెలలకు మించి సాగుతుంటే, అది హార్మోన్ల జబ్బు కాకపోవడానికే అవకాశం ఎక్కువ. గ్రంథులకు వెళ్లే నరాలు అతిగా స్పందించే తత్వం అది. పరీక్ష రాసేటప్పుడు జవాబు పత్రం తడిసిపోకుండా చేతి కింద రుమాలు వేసుకునే పిల్లలు సాధారణంగా ఈ కోవలోకి వస్తారు. వారికి ప్రతి ఏటా థైరాయిడ్ పరీక్షలు చేయించడం దండగ. చికిత్స వేరే ఉంది, చివర్లో చెబుతాను.

దీనికి భిన్నంగా పెద్దయ్యాక కొత్తగా మొదలై, ఒళ్లంతా పడుతూ, నిద్రలో కూడా వదలని చెమట లోపలి కారణాన్ని వెతకమని చెబుతుంది. ఒక పక్కే పడుతుంటే మాత్రం నరాల వైపు చూడాలి.

మూడో మెట్టు: రెండు వారాల చిట్టా

గుర్తున్నంతవరకు డాక్టరుకు చెప్పేద్దామనుకుంటే కుదరదు. గదిలోకి వెళ్లగానే ‘ఎప్పుడూ పడుతూనే ఉంటుంది డాక్టరుగారూ’ అనే వాక్యం తప్ప ఇంకేమీ నోటికి రాదు. అందుకే రాయాలి. ఫోనులోనైనా సరే, చెమట పట్టిన ప్రతిసారీ రెండు ముక్కలు రాస్తే చాలు. ఉదాహరణకు ఇలా:

‘రాత్రి 2:40. ఛాతీ నుంచి మెడ, ముఖం దాకా ఒక్కసారిగా వేడి. తర్వాత చెమట. మూడు నాలుగు నిమిషాలు. ఆ వెంటనే చలి, దుప్పటి మళ్లీ కప్పుకున్నాను. ఈ నెల నెలసరి పది రోజులు ఆలస్యం.’

‘ఉదయం 11:30. అన్నం వేళ దాటింది. చేతులు వణుకు, ఆకలి, చల్లటి చెమట, చూపు మసక. ఏదో తిన్నాక పావుగంటలో తగ్గింది.’

రెండూ చెమటే. మొదటిది చదివితే రుతువిరతికి (మెనోపాజ్‌కు) ముందరి దశ, రెండోది చదివితే రక్తంలో చక్కెర పడిపోవడం ఏ పరీక్షా లేకుండానే కళ్లముందు కనిపిస్తాయి. వేళ, చోటు, ఎంతసేపు, వెంట వచ్చినవి, అంతకుముందు తిన్నది, వేసుకున్న మందు రాయండి. నెలసరి వచ్చేవారు తేదీలు చేర్చండి. ఇంట్లో బీపీ మిషను, గ్లూకోమీటరు ఉంటే చెమట పట్టిన ఆ క్షణంలోనే చూసి అంకె రాయండి. గంట తర్వాత తీసిన అంకెకు అంత విలువ లేదు. వారానికి ఒకసారి బరువు, జ్వరం అనిపించినప్పుడు థర్మామీటరు రీడింగు కూడా ఉండాలి.

నాలుగో మెట్టు: మందుల సంచీ

నా దృష్టిలో అందరూ దాటవేసే మెట్టు ఇదే. కుంగుబాటుకు వాడే సెర్ట్రాలిన్, వెన్లాఫాక్సిన్ వంటివి చెమట పట్టించడంలో పేరు పొందినవి. నొప్పులకు వాడే ట్రమడాల్ అలాంటిదే. థైరాయిడ్ తక్కువైనవారు వేసుకునే లెవోథైరాక్సిన్ మోతాదు మించితే అచ్చం థైరాయిడ్ ఉధృతి లాగే చెమటలు, దడ వస్తాయి. రొమ్ము క్యాన్సరుకు ఇచ్చే టమాక్సిఫెన్, ప్రోస్టేట్ క్యాన్సరులో టెస్టోస్టెరాన్‌ను అణిచే ఇంజెక్షన్లు వేడి ఆవిర్లు (ఒక్కసారిగా వేడి ఎగదన్ని చెమట పట్టడం) తెప్పిస్తాయి. మద్యం, మద్యం మానేసిన తొలి రోజులు కూడా లెక్కలోకి వస్తాయి.

ఏ మందు ఎప్పుడు మొదలైంది, చెమట ఎప్పుడు మొదలైంది, రెండు తేదీలూ పక్కపక్కన రాసి చూడండి. సంబంధం కనిపించినా సొంతంగా మాత్రం మానకండి. వీటిలో కొన్నింటిని హఠాత్తుగా ఆపితే చెమట కన్నా పెద్ద చిక్కులు వస్తాయి.

అయిదో మెట్టు: తీరును బట్టి హార్మోనును పట్టుకోవడం

థైరాయిడ్ ఎక్కువైతే చెమట అలల్లా వచ్చి పోదు, రోజంతా ఉంటుంది. నలుగురూ హాయిగా ఉన్న గదిలో మీకొక్కరికే ఉక్కపోతగా ఉంటుంది. అరచేయి వెచ్చగా, తడిగా ఉంటుంది. ఆందోళన వల్ల తడిసిన చేయి సాధారణంగా చల్లగా ఉంటుంది కాబట్టి, చేయి కలిపి చూస్తేనే అనుభవమున్న డాక్టరుకు సగం విషయం తెలిసిపోతుంది. బాగా తింటున్నా బరువు తగ్గడం, దడ, నిద్ర పట్టకపోవడం, రోజుకు ఎక్కువసార్లు విరేచనం, నెలసరిలో స్రావం తగ్గడం, మెట్లెక్కుతుంటే తొడల్లో సత్తువ లేకపోవడం ఉంటాయి. రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్లు విడదీసి, వాటి మీద ఒక పలుచటి కాగితం పెట్టించుకోండి. మామూలు కంటికి ఆనని సన్నటి వణుకు కాగితం అంచున కనిపిస్తుంది. కళ్లు ముందుకు పొడుచుకొచ్చినట్టుంటే గ్రేవ్స్ వ్యాధిని (రోగనిరోధక శక్తి థైరాయిడ్‌ను రెచ్చగొట్టే జబ్బు) అనుమానించాలి. కాన్పు అయిన ఏడాదిలోపు ఇవన్నీ వస్తే బాలింత బలహీనత అని సరిపెట్టుకోకండి, థైరాయిడ్ గ్రంథి వాపు వల్ల అలా కావచ్చు. పెద్ద వయసువారిలో ఈ లక్షణాలేవీ పెద్దగా బయటపడకుండా గుండె లయ తప్పడం, నీరసం మాత్రమే కనిపించవచ్చు.

రుతువిరతి సంగతికి వస్తే, నెలసరి పూర్తిగా ఆగాకే వేడి ఆవిర్లు వస్తాయన్న అపోహ గట్టిగా నాటుకుపోయింది. నిజానికి నెలసరి ఇంకా వస్తుండగానే, తేదీలు అటూ ఇటూ కావడం మొదలయ్యే కాలంలోనే అవి పలకరిస్తాయి. ఈస్ట్రోజెన్ తగ్గేసరికి హైపోథాలమస్‌లోని కొన్ని నాడీకణాలు అదుపు తప్పి చురుకవుతాయి. చెమట పట్టించేందుకు, చలి పుట్టించేందుకు మధ్య మామూలుగా ఉండే విశాలమైన జాగా ఇరుకైపోతుంది. ఇరుకు సందులో ఎటు కదిలినా గోడ తగిలినట్టు, ఒంటి వేడి రవ్వంత పెరిగినా చెమట, రవ్వంత తగ్గినా చలి. చిట్టాలో రాసిన ‘వేడి, చెమట, ఆ వెంటనే దుప్పటి’ వరసకు కారణం ఇదే. ఒక్కో ఆవిరి సాధారణంగా ఒకటి నుంచి అయిదు నిమిషాలు ఉంటుంది.

ఎన్నాళ్లు భరించాలి అని అడిగేవారికి ‘ఓ ఏడాదిలో పోతుంది’ అని చెప్పేవారున్నారు. అది నిజం కాదు. అమెరికాలో వేలమంది మహిళలను ఏళ్ల తరబడి గమనించిన స్వాన్ అధ్యయనంలో, తరచూ ఆవిర్లు వచ్చేవారికి అవి కొనసాగిన మధ్యస్థ కాలం 7.4 ఏళ్లు అని తేలింది. అంతకాలం పళ్ల బిగువున ఓర్చుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. అండాశయాలు తీసేసిన ఆపరేషన్ తర్వాత ఇవి రోజుల్లోనే, మరింత ఉధృతంగా మొదలవుతాయి. నలభై ఏళ్ల లోపు నెలసరి నెలల తరబడి ఆగి ఆవిర్లు వస్తే దాన్ని సహజమని వదిలేయకూడదు. ఎముకల బలం, గుండె ఆరోగ్యం దానితో ముడిపడి ఉంటాయి.

కాన్పు తర్వాత మొదటి రెండు మూడు వారాల్లో రాత్రి చెమటలు మామూలే. ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది, గర్భంలో చేరిన అదనపు నీరు బయటికి పోతుంది. జ్వరం లేనంతవరకు కంగారు అక్కర్లేదు.

రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కిందకు పడితే శరీరం ప్రమాదంగా భావిస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవారిలోనూ, గ్లైమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ రకం మాత్రలు వాడేవారిలోనూ ఇది ఎక్కువ. రాత్రి నిద్రలో పడిపోతే మెలకువ రాకపోవచ్చు. పొద్దున్నే తడిసిన బట్టలు, తలనొప్పి, పీడకలలు మాత్రం సాక్ష్యంగా మిగులుతాయి. బీపీకి, గుండెకు బీటా బ్లాకర్లు వాడేవారు ఒకటి తెలుసుకోవాలి. ఆ మందులు దడనూ వణుకునూ కప్పేస్తాయి, చెమటను కప్పలేవు. అంటే వారికి చెమటే మిగిలిన ఏకైక హెచ్చరిక కావచ్చు. షుగరు మందులేవీ వాడకుండానే పదేపదే చక్కెర పడిపోతుంటే, అదీ పరగడుపున పడిపోతుంటే, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణితి ఉందేమో చూస్తారు. చాలా అరుదు.

మగవారిలో వయసుతో టెస్టోస్టెరాన్ నెమ్మదిగా తగ్గడం వల్ల ఆవిర్లు రావడం అంతగా ఉండదు. బాగా పడిపోతేనే వస్తాయి. ‘మగవారి మెనోపాజ్’ అంటూ అమ్మే మందుల ప్రకటనలు చెప్పే కథను నమ్మి జేబు ఖాళీ చేసుకోకండి.

ఇక అరుదైనవి. ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి, గుండెదడ, చెమట మూడూ కలిసి దాడి చేసి, ఆ సమయంలో బీపీ ఆకాశాన్ని అంటి, ముఖం ఎర్రబడకుండా పాలిపోతే అడ్రినల్ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా అనే కణితిని అనుమానించాలి. కుటుంబంలో ఎవరికైనా ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. వేలి ఉంగరం బిగుసుకుపోవడం, చెప్పుల సైజు పెరగడం, దవడ ముందుకు రావడం, జిడ్డుగా చెమట పట్టడం మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో గ్రోత్ హార్మోను ఎక్కువైన ఆక్రోమెగలీ లక్షణాలు. ఇది ఎంత మెల్లగా వస్తుందంటే రోజూ చూసే ఇంట్లోవారికి తెలియదు. పదేళ్ల కిందటి ఫొటో పక్కన పెట్టుకుంటే తెలుస్తుంది. ముఖం ఎర్రబడి వేడెక్కినా చెమట అంతగా లేకుండా, నీళ్ల విరేచనాలు తోడైతే కార్సినాయిడ్ కణితి (ఎక్కువగా పేగుల్లో పుట్టి హార్మోన్లు వదిలేది) వైపు ఆలోచిస్తారు.

ఆరో మెట్టు: అడగాల్సిన పరీక్షలు

అందరికీ కావలసింది కొద్దిగానే: టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను, థైరాయిడ్ ఎక్కువైతే ఇది తగ్గుతుంది), చక్కెర, రక్తకణాల లెక్క, బీపీ. టీఎస్‌హెచ్ బాగా తగ్గి ఉంటే థైరాయిడ్ హార్మోన్లైన ఫ్రీ టీ4, టీ3 చూస్తారు. జుట్టు, గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు వేసుకునేవారు ఈ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపాలి, డాక్టరుకూ చెప్పాలి. బయోటిన్ కొన్ని ల్యాబు పద్ధతులను పక్కదారి పట్టించి, లేని థైరాయిడ్ ఉధృతిని కాగితం మీద చూపించగలదు.

నలభై అయిదు దాటిన మహిళకు నెలసరి అటూ ఇటూ అవుతూ వేడి ఆవిర్లు వస్తుంటే ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలను పనిచేయించే హార్మోను) పరీక్షతో పనిలేదు. ఆ దశలో అది రోజుకో తీరుగా మారుతుంది, ఇవాళ మామూలుగా ఉందంటే అర్థమేమీ లేదు. నలభై అయిదు లోపువారికి మాత్రం ఉపయోగం ఉంటుంది. టెస్టోస్టెరాన్ పరీక్షకు రక్తం పొద్దున్నే ఇవ్వాలి, తక్కువ వస్తే మరో రోజు మళ్లీ చూడాలి.

ఫియోక్రోమోసైటోమాకు రక్తంలోనో, ఇరవై నాలుగు గంటల మూత్రంలోనో మెటానెఫ్రిన్లు (అడ్రినల్ హార్మోన్లు విరిగాక మిగిలేవి), ఆక్రోమెగలీకి ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోను ప్రేరణతో తయారయ్యేది) చూస్తారు. తీరు సరిపోలినప్పుడే ఇవి చేయించాలి. స్కానింగుతో మొదలుపెట్టడం మరీ పొరపాటు. అడ్రినల్‌లో, పిట్యూటరీలో ఏ హానీ చేయని చిన్న గడ్డలు ఎంతోమందికి ఉంటాయి. హార్మోను పరీక్ష తేల్చాకే స్కాను.

ఏడో మెట్టు: తేలిన తర్వాత

థైరాయిడ్ ఎక్కువైతే కార్బిమజోల్ వంటి మందు పనిచేయడానికి వారాలు పడుతుంది. ఈలోగా ప్రొప్రనొలాల్ దడను, వణుకును, చెమటను కొంత అదుపులో పెడుతుంది. ఆస్తమా ఉంటే అది ముందే చెప్పాలి. కార్బిమజోల్ వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోవడం అరుదే, కానీ అది ఇలాగే మొదలవుతుంది. లెవోథైరాక్సిన్ మోతాదు తగ్గించినవారు ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతే టీఎస్‌హెచ్ మళ్లీ చూడాలి. అంతకుముందు చూస్తే పాత లెక్కే కనిపిస్తుంది.

చక్కెర పడిపోయినప్పుడు పదిహేను గ్రాముల గ్లూకోజు తీసుకుని, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. 70 దాటకపోతే ఇంకోసారి తీసుకోవాలి. షుగరుకు అకార్బోస్ మాత్ర వాడేవారికి మామూలు పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజే కావాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏదీ పోయకూడదు. తర్వాత మందు మోతాదు గురించి మాట్లాడాలి. పదేపదే పడిపోతోందంటే మందు ఎక్కువైనట్టే చూడాలి.

రుతువిరతి ఆవిర్లకు ఇప్పటికీ అన్నింటికన్నా బాగా పనిచేసేది హార్మోను చికిత్సే. అరవై ఏళ్ల లోపు, లేదా నెలసరి ఆగిన పదేళ్లలోపు మొదలుపెట్టే ఆరోగ్యవంతుల్లో సాధారణంగా మేలే ఎక్కువ. గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇవ్వకూడదు, ప్రొజెస్టరాన్ రకం మందు తోడుండాలి. రొమ్ము క్యాన్సరు వచ్చినవారికి, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి సాధారణంగా ఇది ఇవ్వరు. వారికి వేరే దారులున్నాయి. ముందు చెమట పట్టిస్తుందని చెప్పుకున్న వెన్లాఫాక్సినే తక్కువ మోతాదులో ఆవిర్లను తగ్గిస్తుంది. రాత్రి బాధ ఎక్కువైతే గాబాపెంటిన్ పనికొస్తుంది. టమాక్సిఫెన్ వాడేవారికి మాత్రం పరోక్సెటిన్ తగదు, అది టమాక్సిఫెన్ పనిని దెబ్బతీస్తుంది. అదుపు తప్పిన ఆ నాడీకణాల మీదే పనిచేసే ఫెజొలినెటాంట్‌కు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని వాడేటప్పుడు కాలేయ పరీక్షలు తప్పనిసరి. సోయా, మూలికల మాత్రల మీద ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగవు.

ఫియోక్రోమోసైటోమాకు, ఆక్రోమెగలీకి చాలావరకు ఆపరేషనే. మొదటిదానిలో ఆపరేషన్‌కు ముందు ఆల్ఫా బ్లాకరుతో (రక్తనాళాలను సడలించే మందు) బీపీని అదుపులోకి తెస్తారు. ఆ మందు ఇవ్వకుండా దడ కోసం బీటా బ్లాకరు మొదలుపెడితే బీపీ ప్రమాదకరంగా ఎగబాకవచ్చు.

పరీక్షలన్నీ మామూలుగా వచ్చినా చెమట ఆగకపోతే చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి. చంకలకు అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం మంచి ఆరంభం. అయితే దాన్ని పొద్దున్నే స్నానం చేసి తడి ఒంటి మీద రాస్తే మంట తప్ప ఫలితం ఉండదు. రాత్రి పడుకునే ముందు, పూర్తిగా ఆరిన చర్మానికి రాసి, ఉదయం కడిగేయాలి. మొదట వరసగా కొన్ని రాత్రులు, తగ్గాక వారానికి ఒకటి రెండుసార్లు. చేతులకు, కాళ్లకు నీళ్లలో స్వల్ప విద్యుత్తు పంపే అయాంటోఫోరెసిస్, చంకలకు కొన్ని నెలలపాటు పనిచేసే బొటులినమ్ ఇంజెక్షన్లు ఆ తర్వాతి వరసలో ఉంటాయి. ఆక్సిబ్యూటినిన్ వంటి మాత్రలు ఒళ్లంతా చెమట తగ్గిస్తాయి కానీ నోరు ఎండగడతాయి, మలబద్ధకం తెస్తాయి. ఎండలో పనిచేసేవారు వీటితో మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే చెమట బాగా తగ్గిపోతే ఒంటి వేడి బయటికి పోయే దారి ఉండదు.